అభ్యంతరాలన్నీ ఒక్కసారే చెప్పండి

సంపాదకుడు గారికి,

ఇంటి అనుమతుల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పించాలని 2020లో తెలంగాణలో టీఎస్-బీపాస్ చట్టం తెచ్చారు. 75 గజాల్లోపు స్థలంలో చిన్న ఇల్లయితే రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు. 600 గజాల వరకు, 10 మీటర్ల ఎత్తు మించకపోతే మన స్వీయ ధ్రువీకరణ మీదే వెంటనే అనుమతి. అది దాటితే 21 రోజుల్లో తేల్చాలి, లేదంటే అనుమతి ఇచ్చినట్టే లెక్క. మంచి చట్టం. కానీ ఆ 21 రోజులు మా విషయంలో తొమ్మిది నెలలయ్యాయి.

మేం ముగ్గురు అన్నదమ్ములం. నాన్న కొన్న 300 గజాల్లో రేకుల ఇల్లు తీసేసి, స్టిల్ట్ (కింద పార్కింగ్‌కు వదిలే స్తంభాల అంతస్తు) మీద మూడు అంతస్తులు వేసుకుందామనుకున్నాం. ఎత్తు 10 మీటర్లు దాటుతుంది కాబట్టి ఆ 21 రోజుల పద్ధతిలో, అంటే సింగిల్ విండోలో, దరఖాస్తు పెట్టాం. మొదటి షార్ట్‌ఫాల్ (దరఖాస్తులో లోపముందని అధికారులు పెట్టే అభ్యంతరం): 1987 నాటి లింక్ డాక్యుమెంట్, అంటే పాత యజమానుల దస్తావేజు, స్కాన్ సరిగా కనపడట్లేదు. అది మా తప్పే, సరిచేశాం. ఐదు వారాల తర్వాత రెండోది: రోడ్డు వెడల్పులో పోయే జాగాకు అఫిడవిట్. ఇచ్చాం. మూడోసారి, దగ్గర్లో చెరువుంది, నీటిపారుదల శాఖ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెమ్మన్నారు. చెరువు మొదటి రోజు నుంచీ మ్యాపులో ఉంది. ఆ మాట అప్పుడే చెప్పి ఉంటే మూడు పనులూ ఒకేసారి మొదలుపెట్టేవాళ్లం.

ఎన్‌ఓసీకి వెళ్తే రెవెన్యూ వాళ్లతో కలిసి జాయింట్ సర్వే చేయాలన్నారు. సర్వేయర్ రావడానికే రెండు నెలలు పట్టింది. ఈలోగా ధర తక్కువుందని ముందే కొన్న స్టీలు టార్పాలిన్ కింద తుప్పు పట్టింది. మూడు కుటుంబాలకు మూడు అద్దెలు. సాయంత్రం ఇంటికి రాగానే అమ్మ "ఇవాళేమన్నా కదిలిందా నాన్నా?" అని అడిగేది. ఆమెకు జవాబు చెప్పలేక కావాలని లేటుగా వెళ్లిన రోజులున్నాయి.

అనుమతులు తేలిక చేస్తే చెరువులు మిగలవని కొందరంటారు. 2020 అక్టోబరు వరదల్లో మా వీధిలో నడుంలోతు నీళ్లు చూసినవాణ్ణి, చెరువుల్ని కాపాడాల్సిందే. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు) నుంచి 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు బఫర్‌గా ఖాళీ వదలాలని నిబంధనలు స్పష్టంగానే చెబుతున్నాయి. ఆ ఎఫ్‌టీఎల్ గీత ఎక్కడుందో దరఖాస్తు వచ్చినప్పుడల్లా వెతుక్కోవడం దేనికి? ప్రతి చెరువునూ ఒకసారి కొలిచి, తుది నోటిఫికేషన్ ఇచ్చి, సర్వే నంబర్లతో సహా అనుమతుల పోర్టల్‌లోనే పెట్టండి. మా ప్లాటు లోపలుంటే ఆ రోజే కాదనండి. కొనేవాళ్లు కూడా అడ్వాన్సు ఇవ్వకముందే చూసుకుంటారు. అప్పు చేసి కట్టుకున్నాక జేసీబీ వచ్చి కూల్చే కన్నా అది వెయ్యి రెట్లు నయం.

షార్ట్‌ఫాల్స్ అన్నీ మొదటి పది రోజుల్లో ఒకే జాబితాగా ఇవ్వాలి. ఆ తర్వాత కొత్తది రాయాలంటే పై అధికారి కారణం రాసి సంతకం చేయాలి. ఎన్‌ఓసీ ఇచ్చే శాఖలకూ రోజుల లెక్క గట్టిగా అమలు చేయాలి.

మాకు చివరికి అనుమతి వచ్చింది, గత నెలలో ముగ్గు పోశాం. మా వీధి చివర రిటైరైన మాస్టారు ఒకాయన ఇప్పుడు రెండో షార్ట్‌ఫాల్ దగ్గరున్నారు. మూడోది కూడా ఉంటే, అదేదో ఆయనకు ఈ వారమే చెప్పమని అధికారులను వేడుకుంటున్నాను.

– ఒక పాఠకుడు, హైదరాబాద్