అమ్మలూ, ఏ తీగ కట్టారు?

చి. అమ్మలుకి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. చేలు కోతకొచ్చాయి. మీ అమ్మ మోకాళ్ళు పట్టేశాయంటూనే కార్తీక సోమవారాల ఉపవాసాలు మానదు. దసరా తర్వాత నువ్వు వీడియో పెట్టడం మానేశావు. తోటలో సిగ్నల్ ఉండదన్నావు, సరే. బోస్టన్ నుంచి బుజ్జి ఫోన్ చేసి, తీగ తెగి నీ కనుబొమ దగ్గర కుట్లు పడ్డాయని ఏదో అంది. గోరంతలు కొండంతలు చేయడం దానికి అలవాటే కదా. నేను పట్టించుకోలేదు.

నేను అడగాలనుకున్నది వేరు. వెర్మాంట్‌లో ఇప్పటికే చలి ముదిరి ఉంటుంది, మార్చికల్లా మేపుల్ చెట్ల నుంచి తీపి నీరు కారడం మొదలవుతుంది. ఆ నీటిని పంపుతో లాక్కొచ్చే రెండంగుళాల వ్యాక్యూమ్ పైపు లైనుని మోయడానికి చెట్ల మధ్య ఏ తీగ కట్టారు? అల్లుడుగారు పన్నెండున్నర గేజి హై టెన్సైల్, అదే సులువుగా సాగని గట్టి ఉక్కు తీగ, అన్నారు. అంటే రెండున్నర మిల్లీమీటర్లు. ముప్పావు అంగుళం, అంగుళం పైపులకి అది చాలు. రెండంగుళాల పైపు నిండితే నీరే మీటరుకి రెండు కిలోలు, పైపుతో కలిపి రెండున్నర పైనే. చెట్టుకీ చెట్టుకీ పది మీటర్లుండి, మధ్యలో పది సెంటీమీటర్లే కిందికి జారాలంటే తీగ మీద మూడు వందల కిలోల పైన లాగుడు పడుతుంది. ఆ తీగ ఆరు వందల చిల్లరకి తెగుతుంది. చూపుకి బాగుండాలని ఇంకా బిగించి జారుడు ఐదుకి తెచ్చారా, లాగుడు రెండింతలై తెగే దగ్గరికి పోతుంది. మీవాళ్ళు అలాగే బిగించారా?

లావు తీగ కావాలంటే తొమ్మిదో గేజి వేయండి, గేజి అంకె తగ్గేకొద్దీ తీగ లావు, కానీ హై టెన్సైలే అడగండి. మెత్తటి రకం మన ఎర్తింగ్ తీగలా చూడ్డానికి లావుగా ఉండి సాగుతూనే ఉంటుంది. సాగినచోట పైపులో నీరు నిలిచి వ్యాక్యూమ్‌కి దారి మూసేస్తుంది. అసలు నన్నడిగితే తీగ కంటే ముందు సైడ్ టైలు, అంటే లైనుని మధ్యమధ్యలో పక్క చెట్లకి లాగి కట్టే తీగలు, ఎక్కువ వేయాలి. దూరం సగం చేస్తే అదే జారుడికి లాగుడు నాలుగో వంతే. డబ్బూ మిగులుతుంది, ప్రాణమూ సుఖపడుతుంది.

1996 నవంబరు తుఫానుకి కోనసీమలో స్తంభాలు పడుకున్నాయి కదా, లైన్ల మీద ఎక్కడ చూసినా కొబ్బరి చెట్లే. అమలాపురం అవతల మా లైను గ్యాంగుకి స్టే వైరు, అదే స్తంభం ఒరగకుండా నేలకి లాగి కట్టే తీగ, అయిపోయింది. ఎవరో పాత ముక్క తెచ్చారు, మధ్యలో మెలిక పడి ఉంది. సత్తిబాబు మామయ్య దాన్ని రాయి మీద పెట్టి సుత్తితో కొట్టి తిన్నగా చేశాడు. వద్దురా అంటే వినడే. పుల్‌లిఫ్ట్, అదే తీగ బిగించే చేతి యంత్రం, వేసి లాగుతుంటే సరిగ్గా ఆ మెలిక దగ్గరే టప్పుమంది. తీగ కొస వెనక్కొచ్చి చొక్కా కాలరు కత్తితో కోసినట్టు తీసుకుపోయింది. మెడకి ఏమీ కాలేదు. టీ గ్లాసు చేతికిస్తే టీ అంతా చొక్కా మీదే పోసుకున్నాడు. ఇంట్లో చెప్పొద్దని మా అందరి దగ్గరా ఒట్టు వేయించుకున్నాడు. చొక్కా ఉతుకుతూ అత్తయ్య కాలరు చూసింది. తీగ తెగినందుకు కాదు, దాచినందుకు చాన్నాళ్ళు మాట్లాడలేదు. ఆవిడకేం తెలుసులే అనుకునేవారు మీరు.

అందుకే, మెలిక పడ్డ తీగని సరిచేయొద్దు. ఆ ముక్క కోసి పారేసి కొత్తగా జోడించండి. బిగించేటప్పుడు తీగ వరసలో నిలబడొద్దు, పక్కన ఉండు. తీగ మీద బరువైన పాత కోటు ఏదైనా వేసి ఉంచండి. తెగినా అంత ఎగరదు. ఎండ కాసిన రోజు గట్టిగా బిగించొద్దు. నలభై డిగ్రీలు చల్లబడితే వంద మీటర్ల తీగ ఐదు సెంటీమీటర్ల దాకా కుంచించుకుంటుంది. చెట్టుకి నేరుగా చుట్టొద్దు, చెక్కలు అడ్డం పెట్టండి, లేకపోతే మాను లావయ్యే కొద్దీ తీగ లోపలికి దిగిపోతుంది. ఇవన్నీ నీకు తెలుసు. చదువుకున్నదానివి.

కుట్లు విప్పేశారా? విప్పాక ఎండ తగలనివ్వొద్దని అమ్మ అంటోంది. నేనేమీ చెప్పలేదు, దానికెలా తెలిసిందో. అల్లుడుగార్ని ఏమీ అనకు.

పార్సిల్లో గోంగూర, కంది పొడి, ఆ చలికి అమ్మ అల్లిన టోపీ ఉన్నాయి. టోపీ లోపల కళ్ళద్దాలు రెండు జతలు పెట్టాను, వెల్డింగ్ షాపు దగ్గర కొన్నవి. గోంగూర నూనె అంటితే సబ్బుతోనే కడుగు, గరుకు గుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి.

నాన్న