విమానం నడిపేవారికి బీమా: ఆ ఒక్క ప్రశ్న తెలుగులో అడగండి

సంపాదకులకు నమస్కారం.

నేను మిర్యాలగూడలో ఉంటాను. జూనియర్ కాలేజీలో పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మా అబ్బాయి అమెరికాలో, టెక్సస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. రెండేళ్లుగా ఇంటి గ్యారేజీలో ఒక విమానం తయారు చేస్తున్నాడు. చిన్నది, ఇద్దరు కూర్చునేది. అల్యూమినియం భాగాలు పెట్టెల్లో వస్తాయి. రంధ్రాలు వేసుకోవడం, రివెట్లు కొట్టడం, వైర్లు లాగడం, ఇంజను బిగించడం అన్నీ తనే చేసుకోవాలి. శనివారం ఫోన్ చేస్తే వెనక రివెట్ల చప్పుడు వినిపిస్తుంది. చిన్నప్పుడు సాగర్ చూడ్డానికి తీసుకుపోతే డ్యామ్ కంటే పైన తిరిగే శిక్షణ విమానాన్నే ఎక్కువసేపు చూసిన పిల్లవాడు వాడు. అందుకే వద్దని అనలేకపోయాను.

ఇది దొంగచాటు పని కాదు. సగానికి మించిన పని తానే చేసినట్టు చూపిస్తే అక్కడి ప్రభుత్వం అలాంటి విమానానికి ‘ఎక్స్‌పెరిమెంటల్’ తరగతిలో అనుమతి ఇస్తుంది. ఆ మాట విమానం మీద కనిపించేలా రాసి ఉంచాలి. సాధారణంగా మొదటి 25 నుంచి 40 గంటలు ప్రయాణికులెవరూ లేకుండా, కేటాయించిన ప్రాంతంలోనే ఎగిరి పరీక్షించాలి. మన దేశంలోనూ ఇలాంటి వారున్నారు. ముంబయి పైలట్ అమోల్ యాదవ్ తన ఇంటి డాబా మీద ఆరు సీట్ల విమానం కట్టారు. 2016లో ముంబయిలో జరిగిన మేకిన్ ఇండియా ప్రదర్శనలో దాన్ని ఉంచారు. 2017లో దానికి రిజిస్ట్రేషన్ దొరికింది. కేరళ నుంచి వెళ్లి బ్రిటన్‌లో ఉంటున్న అశోక్ తామరాక్షన్ నాలుగు సీట్ల విమానం కట్టుకుని కుటుంబంతో యూరప్‌లో తిరిగారు.

నేను రాయదలచింది విమానం గురించి కాదు, బీమా గురించి.

ఆరు నెలల కింద మా అబ్బాయి అక్కడ ఒక టర్మ్ పాలసీకి, అంటే నిర్ణీత కాలంలో చనిపోతేనే సొమ్ము వచ్చే బీమాకు, దరఖాస్తు చేశాడు. విమానం నడుపుతానని రాయగానే కంపెనీ ఇంకో ఫారం పంపింది. ఏ లైసెన్సు ఉంది, ఇప్పటికి ఎన్ని గంటలు నడిపావు, వచ్చే 12 నెలల్లో ఎన్ని గంటలు నడుపుతావు, విమానం ఫ్యాక్టరీలో తయారైందా, సొంతంగా కట్టిందా? అన్నీ సూటి ప్రశ్నలే. జవాబులు చూసి రెండు దారులు చూపించారు. ప్రతి వెయ్యి డాలర్ల బీమాకు ఇంత అని అదనపు ప్రీమియం కడితే విమానం నడుపుతూ చనిపోయినా సొమ్ము వస్తుంది. అదనం వద్దంటే మామూలు ప్రీమియమే, కానీ విమానం నడుపుతూ చనిపోతే ఇవ్వం అని పాలసీలోనే రాసి ఇస్తారు. భార్యను, చిన్న పిల్లను తలచుకుని వాడు ఎక్కువ కట్టడానికే ఒప్పుకున్నాడు. ఖరీదైందే, కానీ దేనికి ఎంత కడుతున్నాడో వాడికి తెలుసు.

ఈ మాట విన్న రాత్రి నాకు టెన్షన్ పట్టుకుంది. వాడికి మొదటి ఉద్యోగం వచ్చిన ఏడాది ఇక్కడ నేనే ఒక పాలసీ చేయించాను. ఇప్పటికీ ప్రీమియం నేనే కడుతున్నాను. బీరువాలోంచి బాండు తీసి, కళ్లద్దాలు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఇన్నేళ్లలో మొదటిసారి చదివాను. ఎవరైనా చావు కబురు చెప్పినప్పుడు తప్ప మనం ఆ కాగితం తీయం కదా.

అందులో తేలింది ఇది. అసలు బీమా మొత్తం వేరు, ప్రమాదంలో చనిపోతే అదనంగా వచ్చే సొమ్ము వేరు. అసలు మొత్తానికి మొదటి ఏడాది ఆత్మహత్య షరతు తప్ప మరో అడ్డు కనిపించలేదు. ప్రమాద బీమా పేరాలో మాత్రం, టికెట్ కొని ఎక్కిన ప్రయాణికుడిగా తప్ప మరే రకంగా విమానంలో ఎగిరినా ఆ అదనం వర్తించదని ఉంది. ఇంగ్లీషులో, చీమతలకాయంత అక్షరాల్లో. ఏజెంటు నాకు చెప్పింది ‘యాక్సిడెంట్ అయితే డబుల్ వస్తుంది సార్’ అన్న ఒక్క మాటే. ఈ షరతు ఒక్క కంపెనీది కాదు, చాలా ప్రమాద బీమాల్లో ఉంటుంది. ఎక్కువ ముప్పు ఉన్న పనికి ఎక్కువ ధర అడగడం న్యాయమేనని కూడా ఒప్పుకుంటాను. నా బాధల్లా ఆ సంగతి ముందు చెప్పకపోవడం మీదే.

నా కొడుకు ఒక్కడి విషయమైతే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. నా దగ్గర చదువుకున్న ఒక శిష్యుడు హాలియా దగ్గర వ్యవసాయం చేస్తాడు. వాళ్ల అమ్మాయి పైలట్ శిక్షణలో చేరింది. 200 గంటలు ఎగిరితే గాని కమర్షియల్ లైసెన్సు రాదు. ఫీజు లక్షల్లో. కొంత పొలం అమ్మారు, మిగతాది బ్యాంకు లోను. లోనుతో పాటే అమ్మాయి పేరున ఒక బీమా కూడా చేయించారు. ఫారం ఏజెంటే నింపి సంతకం పెట్టించుకున్నాడు. మొన్న ఆ కాగితాలు నా దగ్గరికి తెచ్చారు. ‘ప్రయాణికుడిగా కాకుండా విమానయానంలో పాల్గొంటున్నారా, పాల్గొనే ఉద్దేశం ఉందా’ అన్న ప్రశ్న అందులో ఉంది. ఎదురుగా ‘లేదు’ అని టిక్కు పెట్టి ఉంది. పైలట్ చదువు కోసం తీసుకున్న అప్పుకు చేసిన బీమాలో!

ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదు. ఆమెను ఎవరూ అడగలేదు. కానీ సంతకం ఆమెది. జరగరానిది జరిగితే ఆ ఒక్క టిక్కును చూపించి క్లెయిమ్ కాదనడానికి కంపెనీకి అవకాశం ఉంటుంది. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం 3 ఏళ్లు నిండితే పాలసీని ఏ కారణంతోనూ ప్రశ్నించకూడదు. ఆ లోపు అయితే తప్పుడు సమాచారం ఇచ్చారని రద్దు చేయొచ్చు. పైలట్ శిక్షణ ఆ 3 ఏళ్లలోనే నడుస్తుంది, ఒంటరిగా మొదటిసారి ఎగిరేదీ ఆ రోజుల్లోనే. మూడేళ్లు దాటితే ఇక భయం లేదని కొందరు ఏజెంట్లు చెబుతుంటారు. అదీ సగం నిజమే. ప్రమాద బీమాలో విమానయానం వర్తించదని ముందే రాసి ఉంటే, పదేళ్లయినా ఆ షరతు అలాగే ఉంటుంది.

మేం కంపెనీకి ఉన్నది ఉన్నట్టు ఉత్తరం రాశాం. వాళ్లు విమానయానం ఫారం పంపారు, నింపి పంపితే అదనపు ప్రీమియం వేశారు. ఆ తండ్రి మారు మాట్లాడకుండా కట్టాడు. ‘ముందే చెప్తే అప్పుడే కట్టేవాణ్ణి గదా సార్’ అన్నాడు.

మన జిల్లాలో ఇది ఊహించుకుని భయపడే విషయం కాదు. 2022 ఫిబ్రవరి 26న పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర సెస్నా 152 శిక్షణ విమానం పొలాల్లో కూలిపోయింది. శిక్షణ పొందుతున్న యువతి అక్కడికక్కడే చనిపోయింది. ఆ రోజు పొలాల్లో పని చేసుకుంటున్నవాళ్లు పరుగెత్తుకుంటూ పోయిన సంగతి ఈ ప్రాంతంలో అందరికీ గుర్తుంది. మహబూబ్‌నగర్‌కు విమానాశ్రయం వస్తుందని ఏళ్లుగా వింటున్నాం. అది వచ్చినా రాకపోయినా, మన పల్లెల నుంచి పైలట్ కావాలనుకునే పిల్లలు, మా అబ్బాయిలాగా విదేశాల్లో సొంత విమానాలు కట్టుకునేవాళ్లు పెరుగుతూనే ఉంటారు.

తెలంగాణ ప్రభుత్వం రైతులకు చేయించే రైతుబీమాను చూడండి. 2018 ఆగస్టులో మొదలైంది. 18 నుంచి 59 ఏళ్ల మధ్య పట్టాదారు ఎలా చనిపోయినా, పాము కరిచినా, గుండె ఆగినా, కరెంటు షాకు కొట్టినా, కుటుంబానికి 5 లక్షలు. కారణం ఏంటని తిరకాసు పెట్టరు. అందుకే మన జనానికి బీమా అంటే అదే అర్థం స్థిరపడింది: చనిపోతే వస్తుంది. బయట కొనే పాలసీకి షరతులు వేరే ఉంటాయని వాళ్లకు ఎవరు చెప్పాలి? అమ్మేవాళ్లే చెప్పాలి.

కాబట్టి నేను అడిగేది పెద్ద కోరిక కాదు. విమానయానం ప్రశ్నను ప్రపోజల్ ఫారంలో, అంటే పాలసీ కోసం నింపే దరఖాస్తులో, తెలుగులో అచ్చు వేయండి. పారామోటార్, గ్లైడర్, సొంతంగా కట్టిన విమానం అని పేర్లు పెట్టి అడగండి. ‘హజార్డస్ యాక్టివిటీ’ అంటే ఇక్కడ ఎవరికి అర్థమవుతుంది? ఫారం నింపినవాళ్లు వేరే అయితే, విషయాలన్నీ పాలసీ తీసుకునేవారి భాషలో వివరించామని కింద ఒక డిక్లరేషన్ ఉంటుంది. అది రాసేవాళ్లు నిజంగా చదివి వినిపించి సంతకం పెట్టాలి. ఏది వర్తించదో బాండు మొదటి పేజీలో, పెద్ద అక్షరాల్లో ఉండాలి. పైలట్ శిక్షణ సంస్థలు చేర్చుకునేటప్పుడే విద్యార్థికి ఏ బీమా ఉంది, విమానం నడుపుతుండగా అది వర్తిస్తుందా అని తల్లిదండ్రుల ముందు రాసి చూపించాలి. పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ దాన్ని తప్పనిసరి చేయాలి. విమానానికి చేయించిన బీమా వేరు, అందులో కూర్చున్న పిల్ల ప్రాణానికి చేసిన బీమా వేరు అన్న సంగతి కూడా ఆ కాగితంలోనే చెప్పాలి.

ఇప్పటికే పాలసీ ఉన్నవారు ఈ వారం ఒకసారి ఫారం నకలు తీసి టిక్కులు చూసుకోండి. కొత్త పాలసీ నచ్చకపోతే చేతికొచ్చిన 30 రోజుల్లో తిప్పి పంపొచ్చు. క్లెయిమ్ విషయంలో కంపెనీ న్యాయం చేయకపోతే హైదరాబాద్‌లో ఇలాంటి ఫిర్యాదులు విని తీర్పు చెప్పే బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. ముందు కంపెనీకి రాసి 30 రోజులు చూసి అక్కడికి వెళ్లొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

మా అబ్బాయి విమానానికి ఇంకా రెక్కలు బిగించలేదు. అవి బిగించే ముందు ఆ కొత్త పాలసీ నకలు నాకు పంపాలని, ఏది వర్తిస్తుందో తెలుగులో రాసి పంపాలని చెప్పాను. వాళ్ల అమ్మకు చదివి వినిపించాలి.

భవదీయుడు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా