ఆర్కిటిక్ మంచులో మన పురుగుమందులు

సంపాదకులు గారికి నమస్కారం.

ఆర్కిటిక్‌లో మంచు కరుగుతోందన్న వార్త వచ్చినప్పుడల్లా రెండు సంగతులే ఎక్కువగా వింటున్నాం. సముద్రమట్టం పెరుగుతుంది, ధ్రువపు ఎలుగులకు చోటు లేకుండా పోతుంది. రెండూ నిజమే. కానీ ఎప్పుడో మనుషులు పొలాల్లో చల్లిన, పరిశ్రమల్లో వాడిన విషాలు కూడా ఆ మంచు నుంచి మళ్లీ బయటికొస్తున్నాయి. ఈ విషయం మీద తెలుగులో చర్చే లేదని బాధపడి రాస్తున్నాను.

డీడీటీ, బీహెచ్‌సీ అనే పురుగుమందులు, ట్రాన్స్‌ఫార్మర్ల నూనెలో కలిపిన పీసీబీలనే పారిశ్రామిక రసాయనాలు త్వరగా నశించేవి కావు. వేడి దేశాల్లో ఆవిరై గాలిలో కలుస్తాయి. చల్లని చోట దిగుతాయి, ఎండ తగిలితే మళ్లీ లేస్తాయి. శాస్త్రవేత్తలు దీన్ని మిడత గెంతుతో పోలుస్తారు. అలా గెంతుతూ ధ్రువాలకు చేరి, అక్కడి చలికి మంచులో, నీళ్లలో ఉండిపోతాయి. సేద్యమే లేని అంటార్కిటికాలో, అడేలీ పెంగ్విన్ల ఒంట్లో 1960లలోనే డీడీటీ కనబడింది.

ఇందులో మన దేశానికీ వాటా ఉంది. బీహెచ్‌సీ పొడి, గమాక్సిన్ పేర్లు వినని పాతతరం రైతు మన ఊళ్లలో ఉండడు. చేలకే కాదు, ఇంట్లో చీమలకూ చల్లాం. ప్రపంచంలో ఆ మందును బాగా ఎక్కువగా వాడిన దేశాల్లో చైనాతో పాటు మనదీ ఒకటి. ఇక్కడ 1997లో నిషేధించారు. ఆర్కిటిక్ సముద్రపు నీటిలో ఎక్కువగా కనిపించిన పాత పురుగుమందుల్లో అదొకటి.

నిషేధాలు ఫలించలేదని అనను. ఇలాంటి మొండి విషాలను అరికట్టేందుకు 2001లో దేశాల మధ్య స్టాక్‌హోమ్ ఒప్పందం కుదిరింది, చాలా రసాయనాల మోతాదు తగ్గుతూ వచ్చింది. ఆ ఫలితాన్నే వేడి ఇప్పుడు దెబ్బతీస్తోంది. నార్వేకు చెందిన స్వాల్బార్డ్ దీవుల్లోని జెపెలిన్ కొండ మీద, కెనడాలోని అలర్ట్‌లో ఏళ్ల తరబడి గాలిని పరీక్షించిన లెక్కలను 2011లో శాస్త్రవేత్తలు విశ్లేషించారు. ఉష్ణోగ్రత పెరిగి, సముద్రపు మంచు తగ్గేకొద్దీ పాత విషాలు తిరిగి గాలిలోకి లేస్తున్నాయని తేలింది.

నీళ్లలో ఉన్నది కొంచెమే. కానీ అది కొవ్వులో పేరుకునే విషం. నాచు నుంచి చిన్న జీవులకు, వాటి నుంచి ఆర్కిటిక్ కాడ్ చేపకు, చేప నుంచి సీల్‌కు, సీల్ నుంచి ఎలుగుకు వెళ్లేసరికి ఎన్నో రెట్లు పెరుగుతుంది. కెనడాలోని హడ్సన్ బే పడమటి తీరంలో మంచు త్వరగా విడిపోవడంతో ఎలుగుల తిండే మారింది. మంచు మీద బతికే సీల్స్ తగ్గి, నీళ్లలో తిరిగే వేరే జాతుల సీల్స్‌ను తింటున్నాయి. దాంతో వాటి ఒంట్లో కొన్ని రసాయనాలు పెరిగాయని పరిశోధనల్లో తేలింది. 1980లతో పోలిస్తే అక్కడి ఎలుగులు దాదాపు మూడు వారాలు ఎక్కువగా తిండిలేక ఒడ్డునే గడపాల్సి వస్తోంది. పస్తుంటే కొవ్వు కరుగుతుంది. కొవ్వు కరిగితే అందులో దాగిన విషం రక్తంలోకి వస్తుంది, తల్లి పాల ద్వారా పిల్లకు చేరుతుంది.

మనుషులదీ అదే పరిస్థితి. 1980లలో కెనడాలోని ఉత్తర క్యూబెక్‌లో ఇన్యూట్ అనే ఆర్కిటిక్ ఆదివాసుల తల్లుల పాలను పరీక్షిస్తే, దక్షిణ క్యూబెక్ తల్లుల పాలలో కంటే పీసీబీలు సుమారు ఐదు రెట్లు ఎక్కువగా ఉన్నాయి. వాళ్లు ఆ రసాయనాలు తయారు చేయలేదు, అమ్ముకోలేదు. సీల్, తిమింగలం మాంసం వాళ్ల తాతల నాటి తిండి, అంతే. ఏడాదంతా గడ్డకట్టి ఉండే నేలలో దాగిన పాదరసం కూడా ఆ నేల కరిగితే నదుల్లోకి, సముద్రంలోకి చేరుతుంది.

జెపెలిన్ కొండ దిగువన ఉన్న న్యూ ఓలెసుండ్ గ్రామంలోనే 2008 నుంచి మన దేశపు హిమాద్రి పరిశోధన కేంద్రం ఉంది. 2022లో ఆర్కిటిక్ విధానం కూడా ప్రకటించాం. ఈ విషాల మీద మన పరిశోధకులు గమనిస్తున్నది ఏటా మామూలు జనానికి అర్థమయ్యే భాషల్లో, తెలుగుతో సహా, విడుదల చేయాలని కేంద్ర ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

ఇక మన ఇంటి పని. స్టాక్‌హోమ్ ఒప్పందం ప్రకారం పరికరాల్లో పీసీబీల వాడకం ముగించడానికి గడువు 2025, వ్యర్థాలను సురక్షితంగా వదిలించుకోవడానికి 2028. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎన్ని పాత ట్రాన్స్‌ఫార్మర్ల నూనెను పరీక్షించారు, ఎన్నింటిలో పీసీబీ దొరికింది, ఆ నూనె ఎక్కడికి పోయింది? విద్యుత్ సంస్థలు ఈ లెక్క బయటపెట్టాలి. మీ విలేకరులు జిల్లాల వారీగా అడిగి రాస్తే మాలాంటి పాఠకులకు ఎంతో మేలు.

ఇట్లు,
ఒక పాఠకుడు, ఏలూరు