రామాలయం భజన మండపం, వెనక తోట: మన పిల్లల కోసం విరాళాల విజ్ఞప్తి

శ్రీరామజయం

మన ఊరి పెద్దలకు, ఆడబిడ్డలకు, బతుకుదెరువు కోసం కువైట్, బెంగళూరు, హైదరాబాద్ వెళ్లిన మన పిల్లలకు రామాలయం కమిటీ నమస్కారాలు.

కమిటీ నుంచి కాగితం వచ్చిందంటే "మళ్లీ గోపురానికి రంగులా?" అని అడిగేవాళ్లు ఉంటారని తెలుసు. వేసిన రంగులు ఇంకా బాగానే ఉన్నాయి. ఈసారి అడుగుతున్నది భజన మండపం కోసం, గుడి వెనక స్థలం కోసం, ఆ రెండు చోట్లా మన పిల్లలకు నేర్పాలనుకుంటున్న వాటి కోసం. చెక్కభజన, కోలాటం, బొమ్మలు గీయడం, తోటపని, పదిమందిని కలుపుకుని ఒక పనిని చివరిదాకా నడిపించడం. ఎనిమిదేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఎవరైనా రావచ్చు. ఫీజు లేదు.

ఇది కొత్తగా పుట్టిన ఆలోచనేమీ కాదు. నలభై దాటిన వాళ్లకు గుర్తుండే ఉంటుంది. పైరు పనులు తగ్గిన రోజుల్లో భజన గురువును పిలిపించేవాళ్లు. ఆయన నెలల తరబడి ఊళ్లోనే ఉండేవాడు. పూటకో ఇంట్లో భోజనం. రాత్రి సంగటి తిని మగపిల్లలంతా మండపం దగ్గర చేరితే, గురువు మధ్యలో తాళాలు పట్టుకుని నిలబడేవాడు. చుట్టూ చెక్కలు పట్టుకుని అడుగులు వేసేవాళ్లు. పాట మెల్లగా మొదలై, చివరికి గజ్జెల మోత తప్ప మాట వినపడనంత వేగం అందుకునేది. నేర్చుకోవడం పూర్తయితే గజ్జెపూజ, ఊరంతటికీ పండగ. రామాయణం చదవడం రానివాళ్లకు కూడా రామాయణం వచ్చేది ఆ పాటల వల్లే. ఇప్పుడు మండపంలో ఉన్నవి పాత షామియానా గుంజలు, విరిగిన పల్లకీ, నాలుగు సిమెంటు బస్తాలు.

పోయిన వేసవి సెలవుల్లో ఆ సామాను ఒక మూలకు నెట్టి, ఒక నెల పాటు పిల్లలకు నేర్పి చూశాం. ఈ విజ్ఞప్తి రాసే ధైర్యం అక్కడి నుంచే వచ్చింది.

అన్నిటికన్నా పిల్లలు ఇష్టపడింది జడకోలాటం. చూడనివాళ్ల కోసం చెప్తాం. పైన ఒకచోట కట్టిన తాళ్లు కిందికి వేలాడుతుంటాయి. ఒక్కొక్కరు ఒక చేత్తో తాడు, ఇంకో చేత్తో కోల పట్టుకుంటారు. ఎదురెదురుగా వస్తూ, ఒకరి తాడు కింద నుంచి ఒకరు దూరుతూ ఆడితే, పైన తాళ్లు జడలా అల్లుకుంటూ వస్తాయి. అదే కోపును, అంటే అడుగుల వరసను, వెనక్కి ఆడితే జడ విడిపోతుంది. మధ్యలో ఒక్కరు అడుగు తప్పితే చిక్కు పడుతుంది. అప్పుడు అరిచి లాభం లేదు, తాడు లాగితే ఇంకా బిగుస్తుంది. అందరూ ఆగి, ఎక్కడ తప్పిందో చూసుకుని, అక్కడిదాకా వెనక్కి ఆడుకుంటూ రావాలి. మొదటి వారం చిక్కు పడ్డ ప్రతిసారీ "వీడే సార్, వీడే" అని వేళ్లు చూపించుకున్నారు. నెల చివరికి ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి "ఆగండి, మూడు అడుగులు వెనక్కి" అంటే పెద్ద పిల్లలు కూడా మారుమాట లేకుండా వెనక్కి వచ్చారు. ఆ పిల్లకు మేమెవరం లీడర్ అని పేరు పెట్టలేదు.

మన వైపు లీడర్ అనగానే ఫ్లెక్సీ గుర్తుకొస్తుంది. కమిటీలో కూడా "చిన్నపిల్లలకు నాయకత్వం నేర్పడం ఏంటప్పా, ఇప్పుడున్న నాయకులు చాలరా" అని నవ్వినవాళ్లు ఉన్నారు. మేము అనుకుంటున్నది చాలా చిన్న సంగతి. నెలకొక అమ్మాయి, ఒక అబ్బాయి చొప్పున ఆ నెల పనులకు పెద్దలుగా ఉంటారు. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎందుకు రాలేదు అనేది వాళ్లే కనుక్కోవాలి. విత్తనాలకు, రంగులకు ఇచ్చిన డబ్బుకు లెక్క రాయాలి. పౌర్ణమి రోజు పూజ అయ్యాక మైకు ముందు నిలబడి ఆ లెక్క ఊరికి చదివి వినిపించాలి. శ్రీరామనవమికి పానకం, వడపప్పు పంచడం, అన్నదానంలో వరుస చూడడం కూడా పిల్లల చేతికే ఇస్తాం. పెద్దలం పక్కన ఉంటాం కానీ మాట్లాడం. (ఈ చివరి షరతు కమిటీలో కొందరికి కష్టమే.)

వేసవిలో ఇంకో సంగతి తెలిసొచ్చింది. సాయంత్రం క్లాసు పెడితే మొదటి వారానికే ఆడపిల్లలు రావడం మానేశారు. క్లాసు అయ్యేసరికి చీకటి పడుతుంది, గుడి నుంచి వీధి దాకా లైటు లేదు, తల్లులకు టెన్షన్. పొద్దున ఆరున్నరకు మార్చగానే మళ్లీ వచ్చారు. బడులు తెరిచాక రోజూ పొద్దున కుదరదు కాబట్టి ఇకమీద శని, ఆదివారాల్లో పొద్దున, గురువారం సాయంత్రం పెట్టాలనుకుంటున్నాం. అందుకే కింద చెప్పబోయే ఖర్చులో వీధి దాకా లైట్ల ఖర్చు కూడా కలిపాం. చెక్కభజన ఆడపిల్లలకు కూడా నేర్పాలా అని ఒకరిద్దరు పెద్దలు అడిగారు. నేర్పుతాం.

బొమ్మల విషయానికొస్తే, మన ఊరి అమ్మాయే, డ్రాయింగ్ డిప్లొమా చేసింది, నేర్పడానికి ఒప్పుకుంది. ధనుర్మాసంలో చుక్కల ముగ్గులు నేర్పే బాధ్యత పడమటి వీధి అవ్వలది. వినాయక చవితికి చెరువు మట్టితో విగ్రహాలు పిల్లలే చేస్తారు. దసరా సెలవుల్లో ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట నుంచి తోలుబొమ్మల కళాకారులను రెండు రోజులు పిలిపించాలని ఉంది. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేక తోలును పలుచగా చేసి, రంగులద్ది, చిల్లులు పొడిచి, దీపం ముందు ఆడిస్తే రావణుడి పది తలలూ తెర మీద కదులుతాయి. ఫోన్లో రీల్స్ చూసే పిల్లలు దాని ముందు ఎంతసేపు కూర్చుంటారో చూడాలని మాకూ ఉంది. రీల్స్ మీద మాకు కోపం లేదు. వేసవిలో పిల్లలు చెక్కభజన రీల్ తీసి కువైట్‌లోని నాన్నలకు పంపితే, అక్కడి నుంచి వచ్చిన ఫోన్లే కమిటీని కదిలించాయి.

తోట సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. డబ్బులో ఎక్కువ భాగం దానికే పోతుంది. గుడి వెనక ఎకరం స్థలం కంపచెట్లతో నిండిపోయి ఉండేది. ఒక దాత జేసీబీ పెట్టించి శుభ్రం చేయించారు. "ఎకరమంతా పెట్టేద్దాం" అన్నారు కొందరు. మన పోరుమామిళ్ల చెరువు శాసనం సంగతి అప్పుడు చర్చకు వచ్చింది. 1369లో, మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఆ చెరువు కట్టించి వేయించిన శాసనం అది. వెయ్యి మంది మనుషులు, వంద బండ్లు, రెండేళ్ల పని అని ఉంటుంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు చెప్పారు అందులో. నీళ్లు తక్కువ ఉండి తడపాల్సిన నేల ఎక్కువ కావడం ఆ దోషాల్లో ఒకటి. మన బోరు ఎండాకాలంలో ఎంత పోస్తుందో అందరికీ తెలిసిందే. కాబట్టి తోట అర ఎకరమే. మిగతా అర ఎకరంలో పెద్దగా నీళ్లు అడగని వేప, కానుగ, జమ్మి, మారేడు, సీతాఫలం పెడతాం.

అర ఎకరంలో సగం పూలు: మల్లె, కనకాంబరం, నందివర్ధనం, గన్నేరు, తులసి. గుడికి పూలు ఇప్పుడు బయట కొంటున్నాం. ఆ ఖర్చు తగ్గుతుంది. మిగతా సగం కూరగాయలు: వంకాయ, బెండ, గోరుచిక్కుడు, బీర, అలసంద, గోంగూర, గట్ల మీద మునగ, కరివేపాకు. ఒక్కో మడి నలుగురు పిల్లలది. వచ్చిన కూరగాయల్లో కొంత శనివారం అన్నదానానికి, మిగతావి మడి చూసిన పిల్లల ఇళ్లకు. పురుగుమందులు వాడం. జీవామృతం అనే ద్రవ ఎరువు పిల్లలే కలుపుతారు. ఎకరానికి 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవుపేడ, 10 లీటర్ల ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. నీడలో 48 గంటలు ఉంచి, పూటకోసారి కర్రతో తిప్పాలి. "మన అర ఎకరానికి ఎంత?" అని అడిగితే లెక్కల్లో వెనకబడ్డ పిల్లలే ముందు చెప్పారు. గుడిలో వాడి తీసేసిన పూలు, కొట్టిన టెంకాయల పీచు ఇన్నాళ్లూ చెత్తలోకి పోయేవి. ఇకమీద పూలు ఎరువు గుంతలోకి, పీచు మొక్కల మొదళ్లలోకి. నేర్పేది ఊళ్లోని ఒక పెద్దరైతు. రూపాయి తీసుకోనన్నారు. వేసవిలో పిల్లలు నాటిన వంగనారు ఒక్క మధ్యాహ్నంలో మేకల పాలైంది. రాత్రయితే అడవిపందులు కూడా వస్తాయి. కంచె లేకుండా తోట మాట ఎత్తడం దండగ.

ఇక లెక్క. మండపం పైకప్పు కారకుండా చేయడానికి, ఫ్యాన్లకు, వీధి దాకా లైట్లకు 1,00,000 రూపాయలు. కంచె, బోరు మోటారు మరమ్మతు, నీళ్ల ట్యాంకు, డ్రిప్ పైపులు కలిపి 1,40,000. భజన గురువుకు నెలకు 5,000, డ్రాయింగ్ నేర్పే అమ్మాయికి 3,000 చొప్పున పది నెలలకు 80,000. చెక్కలు, కోలలు, గజ్జెలు, హార్మోనియం బాగుచేయించడం, డోలక్, తోలుబొమ్మల వాళ్ల రాకపోకలకు 45,000. విత్తనాలు, రంగులు, కాగితాలు, క్లాసు అయ్యాక పిల్లలకు గుగ్గిళ్లకు 35,000. మొత్తం 4,00,000. గుడి ఖాతాలో మిగులు, ఊళ్లో ఇప్పటికే ఇచ్చినవి కలిపి 1,20,000 ఉంది. కావాల్సింది 2,80,000.

మన పెద్దలు మనిషి పోయాక నిలిచేవి ఏడని చెప్పారు: సంతానం, చెరువు, కావ్యం, నిధి, గుడి, వనం, అగ్రహారం. అగ్రహారం సంగతి వదిలేద్దాం. పిల్లలున్నారు, చెరువుంది, గుడి ఉంది, పాటలున్నాయి, వనం పెట్టబోతున్నాం. మన దగ్గర లేనిది నిధి ఒక్కటే.

అడగడానికి మాకు నామోషీ లేదు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితుడిగా పనిచేసిన వావిలికొలను సుబ్బారావు గారు (1863-1936) ఒంటిమిట్ట రామాలయం బాగు కోసం టెంకాయ చిప్ప చేతపట్టి ఊరూరా తిరిగారు. ఆయన ముందు మేమెంత.

నూటపదహార్లయినా సంతోషమే. 1,116 ఇస్తే ఒక బిడ్డకు చెక్కల జత, గజ్జెలు, బొమ్మలకు రంగులు వస్తాయి. 5,116 అంటే గురువుకు ఒక నెల సంభావన. డబ్బే ఇవ్వాలని లేదు. ట్రాక్టరు పశువుల ఎరువు, పాత డ్రిప్ పైపులు, ఇంట్లో మూలన పడ్డ హార్మోనియం, ఏదైనా తీసుకుంటాం. ఫ్యాన్ రెక్కల మీద, ట్యూబులైట్ల మీద పేర్లు మాత్రం రాయించం. మన గుడిలో ఒక లైటుకు వెలుతురు కన్నా పేరే ఎక్కువైంది. దాతలందరి పేర్లు పుస్తకంలో ఉంటాయి, శ్రీరామనవమి రోజు పిల్లలు చదువుతారు.

డబ్బు గుడి బ్యాంకు ఖాతాకే పంపండి. ఆ వివరాలు గుడి ముందు బోర్డు మీద, ఊరి వాట్సాప్ గ్రూపులో ఉన్నాయి. కమిటీ పేరు చెప్పి ఎవరైనా సొంత నంబరుకు ఫోన్‌పే చేయమంటే చేయొద్దు. రసీదు ప్రతి ఒక్కరికీ ఇస్తాం. మన గుడికి 80జీ గుర్తింపు లేదు కాబట్టి ఆదాయపన్ను మినహాయింపు రాదు. కువైట్‌లో ఉన్నా భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. వేరే దేశ పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే, ఓసీఐ కార్డు (వేరే దేశ పౌరులైన మనవాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా సరే, చట్టప్రకారం అది విదేశీ విరాళం అవుతుంది. దానికి కావాల్సిన అనుమతి మనకు లేదు. వాళ్లు దయచేసి పంపకండి. సెలవుల్లో ఊరికి వచ్చినప్పుడు ఒక పొద్దున పిల్లలకు మీకొచ్చింది నేర్పండి, చాలు.

ఏ వీధి పిల్లలైనా, ఏ మతం వాళ్లైనా రావచ్చు. క్లాసులు బయటి మండపంలోనే, తోటకు దారి వేరే ఉంది. ఉగాది రోజు దేవుని కడప వెంకటేశ్వరుడి దర్శనానికి ముస్లింలు బారులు తీరే జిల్లా మనది. వేసవిలో డోలక్ అందరికన్నా బాగా వాయించింది మస్తాన్ వలీ వీధి పిల్లాడే.

వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి కంచె గుంతలు తీయడం మొదలుపెడుతున్నాం. వీలైనవాళ్లు రండి. గడ్డపార, పలుగు ఉంటే వెంట తెచ్చుకోండి, గుడిలో ఉన్నవి రెండే. టిఫిన్ ఉగ్గాని, బజ్జీ.

ఇట్లు,
రామాలయం కమిటీ