కారులో నీళ్లు కారుతుంటే: ఈ వానాకాలం మా షెడ్డులో పని ఎలా జరుగుతుందంటే

విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకు వచ్చే కస్టమర్లందరికీ నమస్కారం. వానలు మొదలైన దగ్గర్నుంచి ఫోన్లలో ఒకటే మాట: "పొద్దున ఇస్తాను, సాయంత్రానికి అయిపోద్దా?" అవదండి. లోపలికి నీళ్లు వస్తున్నాయని ఇచ్చిన బండిని ఈ సీజన్ నుంచి అదే రోజు తిరిగివ్వడం లేదు. ఎందుకివ్వట్లేదో, డబ్బులు దేనికి తీసుకుంటున్నామో దాపరికం లేకుండా చెప్పేస్తాను.

లీకు మూయడం చాలా బండ్లలో అరగంట పని. అది దొరికేసరికే తల ప్రాణం తోకకొస్తుంది. నీళ్లు దూరేది ఒకచోట, తేలేది ఇంకోచోట. ముందు అద్దం పక్కనుంచి దిగిన నీరు కార్పెట్ కింద పాకి వెనక సీటు కాళ్ల దగ్గర బయటపడుతుంది. కార్పెట్ అడుగున బొంత మందాన ఫోమ్ ఉంటుంది. పైన చెయ్యి పెడితే కాస్త చెమ్మే అనిపిస్తుంది, ఎత్తి పిండితే నీళ్లు ధారగా కారతాయి.

మొన్న మొగల్రాజపురం కొండవాలులో ఉండే ఒకాయన చిన్న కారు తెచ్చారు. ఎడమవైపు ముందు సీటు దగ్గర మ్యాట్ తడి. మన కార్లలో చాలావాటికి ఏసీ కూలింగ్ కాయిల్ గ్లవ్ బాక్స్ వెనకాలే ఉంటుంది, అందుకని అక్కడ తడి కనిపించగానే ఎవరైనా ముందు ఏసీ డ్రెయిన్ పైపునే అనుమానిస్తారు. కాయిల్ మీద పట్టిన చెమ్మ నీరై ఆ పైపులోంచి కారు కిందకి పోవాలి. దుమ్ము పట్టి మూసుకుపోతే లోపలికే పొంగుతుంది. చూశాం, నిజంగానే మూసుకుపోయింది. గాలి కొడితే గ్లాసుడు జిగట నీళ్లు పడ్డాయి. ఏసీ వేసి నిలబెడితే కింద టపటపా కారడం మొదలైంది.

అక్కడితో బిల్లు రాసెయ్యొచ్చు. ఆయన కూడా హమ్మయ్య అనుకున్నారు. కానీ మ్యాట్ అంచున ఎండిన మట్టి గీత ఒకటి ఉంది. ఏసీ నుంచి కారేది గాల్లో చెమ్మే కాబట్టి అందులో మట్టి ఉండదు. ఆ గీత వాన నీళ్లదే అయ్యుండాలి. డోర్ గుమ్మం దగ్గర ప్లాస్టిక్ పట్టీ ఊడదీసి, రేకు పొడిగా తుడిచి, దాని పొడవునా టాల్కం పౌడర్ చల్లాం. డోర్ వేసేసి మా కుర్రాడు టార్చి పట్టుకుని లోపల డ్యాష్‌బోర్డ్ కింద తలపెట్టి పడుకున్నాడు. బయట పైపు నేను పట్టుకున్నాను. ప్రెషర్ గన్ కాదు, మొక్కలకు పెట్టే సన్నటి ధార. ముందు డోర్ అడుగున, తర్వాత కాస్త పైకి, ఆ తర్వాత డోర్ అద్దం దగ్గర, ఇలా కిందనుంచి పైకి వెళ్లాలి. పైకప్పు నుంచి మొదలుపెడితే ఒక్కసారే అంతా తడిసి, నీళ్లు ఏ దారిన వచ్చాయో తేలదు.

ధార డోర్ అద్దం అంచుకు తగిలిన కాసేపటికి లోపలినుంచి కేక: "వస్తంది అన్నా!" వంగి చూస్తే ఒక్క చుక్క. డోర్ ప్యాడ్ అంచునుంచి జారి, తెల్ల పౌడర్‌ని చీల్చుకుంటూ, వెనక సన్నటి గీత వదులుతూ కార్పెట్ కిందకి పోతోంది.

ఇక్కడ ఒక మాట. అద్దం పక్కనుంచి నీళ్లు డోర్ లోపలికి దిగడం రోగం కాదు, ప్రతి కారులోనూ దిగుతాయి. డోర్ అడుగున్న రంధ్రాల్లోంచి బయటికి పోతాయి. మన వైపు రాకుండా డోర్ ప్యాడ్ వెనక ఒక ప్లాస్టిక్ షీటు నల్లటి జిగురుతో అతికించి ఉంటుంది. ఈ బండికి ఎక్కడో కొత్త స్పీకర్లు బిగించినప్పుడు ఆ షీటును బ్లేడుతో కోసి, అలాగే వేలాడేసి ప్యాడ్ మూసేశారు. పైగా అడుగు రంధ్రాలు బురదతో పూడిపోయి ఉన్నాయి. రోజూ ముందు భాగం పల్లానికి పెట్టి నిలిపే బండి, నీళ్లన్నీ ఆ మూలకే చేరేవి. అంటే లీకులు రెండు. ఒకటి మూసి పంపిస్తే మళ్లీ వానకి ఆయన మళ్లీ వచ్చేవారు, తిట్టుకుంటూ.

అందుకే వెతికే పనికి విడిగా 1,200 రూపాయలు తీసుకుంటున్నాం. దొరక్కపోతే తీసుకోం. బాగుచేసే ఖర్చు దొరికాక ఫోన్ చేసి చెబుతాం, మీరు సరేనన్నాకే చెయ్యి పెడతాం. "ఇంత సిలికాన్ రాసేదానికి ఇంతా?" అన్నారొకరు. సిలికాన్ రాసి పంపించేవాళ్లు ఉన్నారు, నేను రాయను. డోర్ అడుగు రంధ్రాలకు సిలికాన్ కొట్టించుకుని వచ్చిన బండ్లను చూస్తే ఒళ్లు మండుతుంది, నీళ్లు బయటికి పోయే దారే అది! సన్‌రూఫ్ కూడా అంతే. దాని రబ్బరు నీటిని పూర్తిగా ఆపదు. కింద తొట్టిలా ఉన్న అంచులో పడి, మూలల్లో పైపుల గుండా బయటికి పోవాలి. ఆ పైపులు పూడితే ఇనప తీగ దూర్చకండి, లోపల చిరిగితే పైకప్పు గుడ్డంతా దింపాలి. మేం గాలం వేసే నైలాన్ తీగ వాడతాం.

టైమంతా ఎండబెట్టడానికే పోతుంది. సీట్లు విప్పాలి, కార్పెట్ ఎత్తాలి, ఫోమ్ విడిగా ఆరాలి. మబ్బు పడితే ఫ్యాన్లే దిక్కు. తడి ఫోమ్ మీద కార్పెట్ వేసి ఇవ్వమంటే ఇవ్వను. దాని కింద వైరింగ్ కనెక్టర్లుంటాయి, పిన్నులు పచ్చగా చిలుము పడితే కొన్నాళ్లకు ఎయిర్‌బ్యాగ్ లైట్ వెలుగుతుంది, అప్పుడు వెతకడం ఇంకో నరకం. డ్యాష్‌బోర్డ్ మీద సెంటు సీసా పెడితే వాసన పోదండి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు మునిగిన కార్ల సంగతి వేరు. చవగ్గా వచ్చిందని అలాంటిది కొని "లీకు ఉంది" అని తెస్తున్నారు. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి, మడతల్లో ఒండ్రు కనిపిస్తే అది మునిగిన బండే. దాని లెక్క వేరే మాట్లాడుకుందాం.

మా దగ్గరికి వచ్చేముందు మీరే చూసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. మన ఉక్కపోతలో ఏసీ పావుగంట నడిస్తే కారు కింద నీళ్లు కారాలి. కారకపోతే డ్రెయిన్ చూడాలి. వేపచెట్టు కిందో కానుగచెట్టు కిందో పెట్టే బండయితే బానెట్ ఎత్తి వైపర్ల దగ్గర చేరిన ఆకులు తీసెయ్యండి. లోపలి తడి జారుగా, తియ్యటి వాసనతో ఉంటే అది కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం), హీటర్ కాయిల్ లీకవుతున్నట్టు. రుచి మాత్రం చూడొద్దు, విషం. అలా ఉంటే బండి నడపకుండా ఫోన్ చెయ్యండి.

శనివారం లీకు బండ్లు తీసుకోవడం లేదు, ఆదివారం సెలవు కాబట్టి తడితో అలాగే మూసి ఉంచాల్సి వస్తుంది. తెచ్చేముందు వాటర్ వాష్ చేయించకండి, మట్టి గీతలు చెరిగిపోతాయి. డిక్కీ ఖాళీ చేసి తీసుకురండి, స్టెపినీ కింద కూడా చూడాలి.