మనుషులున్నారు, గొంతులున్నాయి, రేడియో లైసెన్సే లేదు

సంపాదకులకు నమస్కారం.

నేను అంగన్‌వాడీ టీచరుగా చేసి రిటైరయ్యాను. మాది అనంతపురం జిల్లా శింగనమల వైపు ఒక పల్లె. 2020లో బడులు మూతపడినప్పుడు పిల్లలకు కథలు, ఎక్కాలు సెల్లులో రికార్డు చేసి, సాయంత్రం పూట రామాలయం మైకులో వినిపించడం మొదలుపెట్టాను. బడులు తెరిచాక ఆపేద్దామంటే ఆడవాళ్ళు ఒప్పుకోలేదు. "పిల్లోళ్ళ కథలు సరే, మా మాటలు ఎప్పుడు ఏస్తావు టీచరమ్మా?" అన్నారు. అట్లా అది ప్రతి ఆదివారం అరగంట కార్యక్రమం అయింది. ఇప్పుడు మేం పదకొండు మందిమి. ఎవరికీ రూపాయి జీతం లేదు. డిగ్రీ చదివే ఒక అబ్బాయి సెల్లులోనే ఎడిటింగ్ చేస్తాడు. కూలికి పోయే ఇద్దరు ఆడవాళ్ళు ఊరంతా తిరిగి మాట్లాడేవాళ్ళను పట్టుకొస్తారు.

మా స్టూడియో మా నడింట్లోనే. ఫ్యాను ఆపేసి, తలుపుకూ కిటికీకీ బొంతలు కట్టి, సెల్లు మీద పాత వాయిలు చీర గుడ్డ రెండు మడతలు వేస్తాం. గుడ్డ లేకుంటే 'ప' అన్నా 'భ' అన్నా గాలి తగిలి బుస్సుమంటుంది. మొన్న ఒక అవ్వ శెనక్కాయలో కంది సాళ్ళు ఎందుకు వేసేవాళ్ళో చెప్పింది. "వాన రాక శెనక్కాయ పోయినా కంది నిలబడ్తాది, పప్పుకైనా ఆసరా అయితాది" అంది. చెబుతూ చెబుతూ లేచి నిలబడి, గొర్రు వెనక నడుస్తూ గింజలు వదిలినట్టు గుప్పిట ఆడించింది. ఆ గాజుల చప్పుడు రికార్డులో పడింది. అబ్బాయి తీసేద్దామన్నాడు. నేను వద్దన్నాను.

అయితే మైకుతో ఎంతకాలం? గాలి అటు తిరిగితే పక్క వీధికి వినపడదు. పరీక్షలప్పుడు, ఊళ్ళో చావు జరిగినప్పుడు ఆపాలి. పైగా ఇష్టం లేనివాళ్ళు కూడా వినక తప్పదు. అది నాకు మొదటి నుంచీ బాధే. రేడియో అయితే కావాల్సినవాళ్ళు పెట్టుకుంటారు, చేనులో కలుపు తీస్తూ కూడా వింటారు.

ఇదేమీ జరగని పని కాదు. జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008 అక్టోబరు 15న మొదలైంది. అంతకుముందు ఏళ్ళ తరబడి వాళ్ళూ మాలాగే లైసెన్సు లేక, క్యాసెట్లలో రికార్డు చేసి సంఘాల్లో పెట్టుకుని విన్నారు. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అనే అక్కడి ఆడవాళ్ళే దాన్ని నడిపి చూపించారు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. అయినా ముందు విద్యాసంస్థలకే దారి తెరిచారు. స్వచ్ఛంద సంస్థల వంతు 2006లో గానీ రాలేదు.

100 వాట్ల ప్రసార శక్తి, 30 మీటర్ల లోపు టవర్ ఉంటే చుట్టూ పది పదిహేను కిలోమీటర్లు వినపడుతుంది. మాకు అదే చాలా ఎక్కువ. సొంతంగా వార్తలు చెప్పకూడదు, ఆకాశవాణి వార్తలే వేయాలన్న నియమం నాకు నచ్చదు. కానీ వార్తలు కాకుండా మేం చెప్పుకోవాల్సినవే బోలెడున్నాయి.

చిక్కల్లా ఒక్కటే. లైసెన్సు మనుషులకివ్వరు, సంస్థలకే ఇస్తారు. స్వచ్ఛంద సంస్థ అయితే రిజిస్టరై కనీసం మూడేళ్ళు పనిచేసి ఉండాలి. మాకు సొసైటీ లేదు. మా తరపున దరఖాస్తు పెట్టమని ఒక సంస్థ ఆఫీసుకు మూడుసార్లు తిరిగాను. "ఈ కాలంలో రేడియో ఎవరు వింటారమ్మా?" అని పంపేశారు. వినేవాళ్ళను నేను ప్రతి ఆదివారం రచ్చకట్ట మీద చూస్తూనే ఉన్నాను. పనుల మీద పక్క ఊరికి పోయినవాళ్ళు తిరిగొచ్చి, ఈ వారం ఏం చెప్పారని అడుగుతారు.

కాలేజీలకు, కృషి విజ్ఞాన కేంద్రాలకు కూడా దరఖాస్తు చేసే అర్హత ఉంది. అలాంటి కేంద్రం మాకు దగ్గర్లో రెడ్డిపల్లిలోనే ఉంది. వాళ్ళనూ, జిల్లాలో మంచి పేరున్న సంస్థలనూ మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను. దరఖాస్తు మీరు పెట్టండి, రోజూ నడిపే చాకిరీ మేం చేస్తాం. నా చిరునామా ఈ ఉత్తరంతో మీకు పంపుతున్నాను, అడిగినవాళ్ళకు ఇవ్వండి. ఏ ఆదివారమైనా సాయంత్రం ఆరింటికి మా ఊరికి రావచ్చు. ఈ వారం ఆ అవ్వే సజ్జల గురించి చెబుతుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ అంగన్‌వాడీ టీచరు,
శింగనమల మండలం, అనంతపురం జిల్లా