ఫైనాన్స్ కొలువుకు పదో తరగతి మార్కులెందుకు?

సంపాదకులకు నమస్కారం.

డిగ్రీ ఆఖరి సెమిస్టర్ ఫలితాలు వచ్చిన మరునాటి నుంచి మా ఇంటికి పిల్లల రాక మొదలవుతుంది. నల్లగొండలో ఇరవై ఏళ్లకు పైగా బీకాం పాఠాలు చెబుతున్నవాణ్ని కనుక, బ్యాంకులోనో, ఫైనాన్స్ కంపెనీలోనో చేరాలంటే ఏ పరీక్షలో ఎంత స్కోరు ఉండాలన్న ప్రశ్న ఏటా నాకు ఎదురవుతూనే ఉంటుంది. ఈసారి ఒక విద్యార్థి తన బయోడేటా మొదటి వరుసలోనే ఐసెట్ ర్యాంకును లావు అక్షరాల్లో అచ్చు వేయించుకొని వచ్చాడు. అది ఎంబీఏ, ఎంసీఏ సీట్ల కోసం పెట్టే పరీక్ష అనీ, కొలువిచ్చేవాడికి దానితో పని లేదనీ చెబితే అతని ముఖం చిన్నబోయింది. 2025లో ఆ పరీక్షను మన మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయమే నిర్వహించడంతో జిల్లాలో దాని మీద మోజు కాస్త పెరిగిందని నాకనిపిస్తుంది. అందులోని 200 ప్రశ్నల్లో విశ్లేషణకు 75, గణితానికి 75, భాషా సామర్థ్యానికి 50 ఉంటాయి. అభ్యర్థికి ఆస్తి అప్పుల పట్టీ చదవడం వచ్చునా అన్నది ఆ పరీక్ష అడగని ప్రశ్న.

అలాగని స్కోరుకు విలువ లేదని నేను అనడం లేదు. ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో స్కోరే సర్వస్వం. అయితే ఏ స్కోరు లెక్కలోకి వస్తుందో, ఏది రాదో పిల్లలకు తెలియడం లేదు. చాలా ప్రభుత్వ బ్యాంకులకు ఉమ్మడిగా పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ సంస్థ చేసే ప్రొబేషనరీ ఆఫీసర్ ఎంపికలో ప్రిలిమ్స్ (తొలి వడపోత పరీక్ష) మార్కులు మెయిన్స్ (ప్రధాన పరీక్ష) గడప దాటించడానికే పనికొస్తాయి, తుది జాబితాలో వాటిని కలపరు. మెయిన్స్‌కు 80, ఇంటర్వ్యూకు 20 పాళ్లలో లెక్కగట్టి ఎంపిక చేస్తారు. పోయినేడు మా విద్యార్థి ఒకడు "సార్, ప్రిలిమ్స్‌ల డెబ్బై రెండొచ్చినయ్, ఇగ ఫికర్ లేదు" అని సంబరంగా చెప్పి, మెయిన్స్‌కు ముందున్న కొద్ది వారాలనూ పెళ్లిళ్లకూ పేరంటాలకూ తిరిగి పోగొట్టుకున్నాడు. ఆ డెబ్బై రెండు అక్కడితోనే చెల్లిపోయిందని అతనికి ఎవరూ చెప్పలేదు. కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీల మీద మాత్రం ప్రిలిమ్స్ గట్టెక్కిన వాళ్ల ఫొటోలు కూడా విజేతల వరుసలోనే కనిపిస్తాయి.

ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం వేరే ఉంది. కొన్నేళ్ల కిందట జిల్లా కేంద్రంలో జరిగిన ఒక జాబ్ మేళాకు మా పిల్లలను వెంటబెట్టుకొని వెళ్లాను. ఒక ప్రైవేటు ఫైనాన్స్ సంస్థ తరఫున వచ్చిన యువకుడు బల్ల మీద బయోడేటాలను పేర్చుకొని, పేరు కూడా చదవకుండా నేరుగా కింది పట్టికలోకి చూపు దించి, పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మూడింటిలోనూ అరవై శాతం లేని కాగితం మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత గీసి పక్కన పడేస్తున్నాడు. దేవరకొండ వైపు నుంచి వచ్చిన మా విద్యార్థి కాగితం మీదా ఆ గీత పడింది. పదో తరగతిలో అతనికి యాభై ఎనిమిది శాతం. ఆ ఏడు పత్తి ఏరే రోజుల్లో సగం బడికి పోనేలేదు. డిగ్రీలో డెబ్బై దాటినా అక్కడ అడిగే నాథుడు లేడు.

అదే అబ్బాయి మరుసటి ఏడాది గ్రామీణ బ్యాంకు ఆఫీస్ అసిస్టెంట్ పరీక్షను తెలుగులో రాశాడు. 2019 నుంచి ఆ వీలుంది. ఆ కొలువుకు ఇంటర్వ్యూ లేదు, మెయిన్స్ మార్కులే ప్రమాణం. పదో తరగతి మెమోను వయసు ధ్రువీకరణ కోసం తప్ప అక్కడ ఎవరూ తిప్పి చూడలేదు. 2006లో ఒకసారి, 2025 జనవరిలో ఇంకోసారి పేరు మారినా వాళ్ల ఊరి పెద్దలు ఇప్పటికీ నాగార్జున బ్యాంకు అనే పిలిచే ఆ బ్యాంకులోనే అతను ఈవాళ వానకాలం పంట రుణాల రెన్యువల్ కాగితాలు చూస్తున్నాడు.

అందరికీ ఒకే ప్రశ్నపత్రం పెట్టే పరీక్షలను తిట్టడం ఇప్పుడు రివాజైంది. అవి జ్ఞాపకశక్తినీ వేగాన్నీ కొలుస్తాయే తప్ప పనితనాన్ని కొలవవన్న విమర్శలో నిజం లేకపోలేదు. కానీ మా పాలమూరు, నల్లగొండ పిల్లల వైపు నుంచి చూస్తే, కాలేజీ పేరూ ఇంగ్లిషు ఉచ్చారణా చూసి ఎంచుకునే ఇంటర్వ్యూల కంటే, పదిహేనేళ్ల వయసులో వచ్చిన మార్కులతో గీత గీసే పద్ధతి కంటే, ఆ పరీక్షే ఎక్కువ న్యాయం చేస్తోంది. తెలుగు మాధ్యమంలో చిట్టా, ఆవర్జా, అంకణా అంటూ చదువుకున్న పిల్లవాడు, ఆ అంకణాకే ఇంగ్లిషు పేరైన ట్రయల్ బ్యాలెన్స్ అనే మాట వినగానే ఒక్క క్షణం తడబడతాడు. ఇంటర్వ్యూలో ఆ ఒక్క క్షణమే అతని కొంప ముంచుతుంది. పరీక్ష హాల్లో మాత్రం ఆలోచించుకోవడానికి కొంత వ్యవధి దొరుకుతుంది.

తక్కిన ఫైనాన్స్ కొలువుల సంగతి క్లుప్తంగా చెబుతాను. మ్యూచువల్ ఫండ్ల పంపిణీకి, సెక్యూరిటీస్ మార్కెట్ల శిక్షణ సంస్థ ఎన్ఐఎస్ఎం పెట్టే పరీక్షలో నూటికి యాభై వస్తే చాలు, మూడేళ్లు చెల్లే సర్టిఫికెట్ ఇస్తారు, అందులో ఎన్ని వచ్చాయని అడిగేవారు అరుదు. సీఏలో ప్రతి పేపరుకు నలభై, గ్రూపు మొత్తానికి యాభై శాతం రావాలి. అక్కడ నియామకాలప్పుడు మార్కుల కంటే ఎన్నో ప్రయత్నంలో గట్టెక్కారన్నదే ఎక్కువగా అడుగుతారు. అమెరికాలో ఫైనాన్స్ చదవబోయే పిల్లలు అక్కడి కాలేజీ సీట్ల కోసం రాసే శాట్, జీమ్యాట్ పరీక్షల స్కోర్ల గురించి అడుగుతుంటారు. అక్కడి కొన్ని పెట్టుబడి బ్యాంకులు ఉద్యోగ దరఖాస్తులో కూడా ఆ స్కోర్లు అడుగుతాయని విన్నప్పుడు, మా జాబ్ మేళాలోని ఎర్ర పెన్ను సముద్రం అవతలా ఉందన్నమాట అనుకున్నాను.

జాబ్ మేళాలకు వచ్చే సంస్థలకు నా విన్నపం ఒక్కటే. వడపోత తప్పదు, వందల కాగితాలను ఒక్క మనిషి చదవలేడు, ఒప్పుకుంటాను. కానీ పాత మార్కుల మీద గీత గీసే బదులు, అక్కడికక్కడే అరగంట పరీక్ష పెట్టవచ్చు. ఒక పాస్‌బుక్కు నకలూ ఒక నగదు పుస్తకం పుటా చేతికిచ్చి, ఆ రెండింటి నిల్వలకూ తేడా ఎందుకొచ్చిందో చూపే బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక వేయమనండి. తెలుగులో రాసినా దిద్దండి. రేపు కౌంటరు దగ్గర చేయబోయే పనికి ఐసెట్ ర్యాంకు కన్నా, పదో తరగతి శాతం కన్నా అది దగ్గరగా ఉంటుంది.

మీ పత్రికకూ ఒక మనవి. బ్యాంకు నోటిఫికేషన్లు ప్రచురించేటప్పుడు ఖాళీలు, ఫీజు, ఆఖరు తేదీలతో పాటు, ఏ దశ మార్కులు తుది ఎంపికలో కలుస్తాయో, ఏవి కలవవో ఒక వాక్యం చేర్చండి. ఆ ఒక్క వాక్యం కంటబడి ఉంటే మా డెబ్బై రెండు మార్కుల అబ్బాయి పెళ్లిళ్లకు పోకుండా పుస్తకం ముందు కూర్చునేవాడు. అతనికి ఇంకా రెండేళ్ల వయోపరిమితి మిగిలి ఉంది, మళ్లీ దరఖాస్తు చేస్తున్నాడు.

ఇట్లు,
ఒక కామర్స్ అధ్యాపకుడు,
నల్లగొండ